ఇసుక తట్ట

2023 జూలైలో మా అపార్ట్‌మెంటు మెట్ల కింద ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఇది ఒక్క ఇల్లే తిప్పింది. నెల నిండకుండానే ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర పట్టుకుని తెచ్చి మా బాల్కనీలో, పాత పరిశోధన పత్రాలు పెట్టిన అట్టపెట్టె వెనక దాచింది. నేను వద్దనలేదు. ముప్పై ఆరేళ్ల వయసులో, ఒంటరిగా, అద్దె ఇంట్లో, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్న మనిషికి ఎవరైనా తన ఇంటిని నమ్మి వస్తే కాస్త గర్వంగానే ఉంటుంది. ఆ గర్వం సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువవుతుంది.

మొదట పాలు పోశాను. పిల్లికి పాలు పోయడం తప్పని మనకెవరూ చెప్పరు, కథలన్నీ పోయమనే చెబుతాయి. తల్లి పాలు మానే వయసు దాటుతున్న కొద్దీ పిల్లుల్లో పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి తగ్గిపోతుందనీ, ఆవుపాలు వాటికి విరేచనాలు తెస్తాయనీ నాకు తరవాత తెలిసింది. పాలు మాన్పించి, వీధి చివర చికెన్ దుకాణంలో ఊరికే ఇచ్చే కార్జం ముక్కలూ కందనకాయ ముక్కలూ తెచ్చి పచ్చివే పెట్టాను. పిల్లి వేటాడి తినే జంతువు, పచ్చి మాంసం దాని సహజ ఆహారం అని నాకు నేనే చెప్పుకున్నాను. 'సహజం' అనే మాట స్త్రీల విషయంలో ఎన్ని అబద్ధాలాడిందో పదేళ్లుగా రాస్తున్నదాన్ని, పిల్లుల విషయంలో మాత్రం దాన్ని వెంటనే నమ్మేశాను.

ఏడో వారంలో రెండు పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లలాగా, జిగటగా, సన్నటి నెత్తుటి చారలతో. అన్నిట్లోకీ చిన్నది తల ఎత్తడం మానేసింది. వంటింటి తూకంలో పెడితే నాలుగు వందల ఎనభై గ్రాములు తూగింది. మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే వెనక్కి వెళ్లాలి. వెళ్లలేదు, గుడారంలా నిలబడిపోయింది. ఒంట్లో నీరు పోయిందనడానికి అది గుర్తు.

డాక్టరు ఓపికమంతుడు. ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించి, ఒంటికి వెచ్చదనం పెట్టి, ఆ తరవాతే ప్రశ్నలడిగాడు. పిల్లిపిల్లల్ని గుంపులుగా చంపే వైరస్ జబ్బు ఉందేమోనని పరీక్ష చేశాడు, లేదని వచ్చింది. పురుగుల మందు వేశాడు. మలాన్ని గాజుపలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి, నన్ను కూడా చూడమన్నాడు. సన్నగా వంకర తిరిగిన గీతలు, కొన్ని రెండేసి కలిసి, పసిపిల్లలు గీసే ఎగిరే పక్షుల్లా ఉన్నాయి. కాంపైలోబాక్టర్ అయ్యుండొచ్చు అన్నాడు. 'అయ్యుండొచ్చు' అన్న మాటని ఒత్తి పలికాడు. ఖాయంగా తెలియాలంటే ఆ బాక్టీరియాని పెంచి చూడాలి. దానికి ఆక్సిజన్ తక్కువగా ఉండాలి, నలభై రెండు డిగ్రీల వేడి ఉండాలి, అందరి దగ్గరా ఆ సౌకర్యం ఉండదు. పెంచి చూసి అవునని తేలినా, జబ్బుకి అదే కారణమని చెప్పలేం. ఆరోగ్యంగా గంతులేసే పిల్లుల కడుపులో కూడా ఇవి ఉంటాయి, పిల్లవయసులో మరీ ఎక్కువ. సాల్మొనెల్లా అయినా, ఈ కోలై అయినా, క్లాస్ట్రిడియం అయినా ఇదే పేచీ. దొరికినంత మాత్రాన దోషి అని కాదు.

ఈ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో అప్పుడు తెలియలేదు.

జబ్బు పడ్డ రెండింటికీ అజిత్రోమైసిన్ చుక్కలు రాశాడు. బాగున్న రెండింటికీ వద్దన్నాడు. విరేచనం కనబడగానే యాంటీబయాటిక్ వేయడం తప్పనీ, చాలావరకు నీరూ తిండీ సరిచేస్తే వాటంతటవే తగ్గుతాయనీ, ఇక్కడ నెత్తురూ నీరసమూ ఉన్నాయి కాబట్టి వేస్తున్నాననీ వివరంగా చెప్పాడు. మాంసం ఉడికించి పెట్టమన్నాడు. పచ్చి కోడిమాంసంలో ఈ బాక్టీరియా మామూలుగా ఉండేదేనట. అంటే బహుశా నా ప్రేమే కార్జం ముక్కల రూపంలో వాటి కడుపులోకి వెళ్లింది. చివరగా ఇంకో ప్రశ్న వేశాడు. ఇది మనుషులకీ అంటుకుంటుంది, కొన్ని వందల క్రిములు నోట్లోకి పోయినా చాలు, ఇంట్లో చిన్నపిల్లలు గానీ ముసలివాళ్లు గానీ గర్భిణులు గానీ ఉన్నారా అని.

"లేరండీ, నేనొక్కదాన్నే" అన్నాను.

ఈ వ్యాసమంతా ఆ జవాబు గురించే.

రోజుకి రెండుసార్లు మా ఇంట్లోకి ఒకామె వస్తుంది. ఊడుస్తుంది, తుడుస్తుంది, గిన్నెలు తోముతుంది. పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద, నేను 'అక్కా' అని పిలుస్తాను. తను నన్ను 'అమ్మా' అంటుంది. ఈ రెండు పిలుపుల్లో ఏ చుట్టరికం ఎటు వెళుతోందో ఆలోచించుకుంటే నవ్వొస్తుంది. కూతురు పనికి వెళితే రెండేళ్ల మనవణ్ణి రోజంతా చూసుకునేది ఈమే. నాకు ఆ సంగతి తెలుసు. వాడి పుట్టినరోజుకి చొక్కా కొన్నాను కూడా. అయినా డాక్టరు అడిగినప్పుడు 'ఇల్లు' అనే మాటలో నాకు కనిపించినది అద్దె ఒప్పందం మీద ఉన్న పేరు ఒక్కటే.

నా డాక్టరేట్ తెలుగు స్త్రీల కథల్లో ఇంటిపని గురించి. ఇది కల్పన అయితే ఇంత తేలికైన వ్యంగ్యాన్ని నేనే కొట్టేసేదాన్ని.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని ఆమెకి ఫోన్ చేయడం. ఫినాయిలు వాడొద్దక్కా, పిల్లులకి విషమట, వాటి కాలేయం దాన్ని విరిచేయలేదట అని చెప్పాను. అది నిజమే. ఫినాయిల్లో ఉండే పదార్థాలని ఒంట్లోంచి పంపేసే ఒక ముఖ్యమైన ఏర్పాటు పిల్లులకి పుట్టుకతోనే సరిగా ఉండదు. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు. ఆమె ఆ రోజు నుంచీ పలచటి బ్లీచింగు నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడవడం మొదలుపెట్టింది. పని రెట్టింపయింది, జీతం కాలేదు. నా కోసం రబ్బరు చేతితొడుగులు కొనుక్కున్నాను. ఒక్క జతే.

ఇసుక తట్ట మాత్రం నేనే ఎత్తాను, మొదటి వారమంతా. పక్క వీధిలో కడుతున్న ఇంటి దగ్గర తెచ్చిన ఇసుక, ప్లాస్టిక్ తట్ట. పిల్లలు మరీ చిన్నగా ఉన్నప్పుడు తల్లి పిల్లే నాకి నాకి వాటిచేత మలమూత్రాలు చేయిస్తుంది, అదంతా తనే మింగేస్తుంది, గూడు శుభ్రంగా ఉంచడానికి. గట్టి తిండి మొదలయ్యాక మానేస్తుంది. ఇక్కడ మాతృత్వం గురించి పొగడ్త ఏదో వస్తుందని మీరనుకుంటే, రాదు. ఆ పని ఎప్పుడు మానాలో దానికి తెలుసనీ, మానినందుకు దాన్నెవరూ ఏమీ అనరనీ మాత్రం గమనించాను. రోజుకి నాలుగుసార్లు ఇసుక మార్చడం, ముక్కు మూసుకుని మలం సంచిలో కట్టడం, తట్ట కడగడం. ఎనిమిదో రోజుకి నేనొక మంచి మనిషినని నాకు దాదాపు నమ్మకం కుదిరింది.

తొమ్మిదో రోజున తిరుపతిలో సదస్సు. మూడు రోజులు. సంరక్షణ, స్త్రీల శ్రమ అన్న విషయం మీద పత్రం చదవాలి. మీరు నమ్మకపోయినా అదే విషయం. అక్కని అడిగాను, రోజుకి రెండు వందలు అదనంగా ఇస్తాను, పిల్లలకి తిండి పెట్టి ఆ తట్ట మార్చగలవా అని. ఒక్క క్షణం ఆగింది. సరే అంది. ఆ క్షణం ఎందుకు ఆగిందో నేనడగలేదు. మలం ఎత్తే పని ఈ దేశంలో ఎవరికి కట్టబెట్టారో, పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకసారీ 2013లో మరోసారీ చట్టం చేసినా అది ఎందుకు పోలేదో నేను తరగతిలో చెప్పే పాఠమే. ఆమె కులం నాకు తెలుసు. నేనడిగింది పిల్లి మలం అనీ, డబ్బులిస్తున్నాననీ, ఆమె ఒప్పుకుందనీ మూడు సమాధానాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మూడూ నిజమే.

శుక్ర, శని, ఆదివారాలు ఆమె తట్ట మార్చింది. నా చేతితొడుగులు స్నానాలగదిలో కొక్కేనికి వేలాడుతూనే ఉన్నాయి. వాడమని నేను చెప్పలేదు, చెప్పకుండా నా వస్తువు ముట్టుకునే అలవాటు ఆమెకి లేదు. మంగళవారం ఆమె పనికి రాలేదు. బుధవారం కూతురు ఫోన్ చేసింది. పిల్లాడికి మోషన్లు, నెత్తురు పడుతోంది, ప్రభుత్వాసుపత్రిలో చేర్చామని.

ఈ క్రిమి ఒంట్లోకి పోయిన రెండు నుంచి అయిదు రోజుల్లో జబ్బు బయటపడుతుంది. లెక్క వేయడానికి నాకు కాలెండరు అక్కర్లేకపోయింది.

పిల్లాడు బతికాడు. రెండు రోజులు సెలైన్, ఆ తరవాత ఓఆర్ఎస్. అయిదో రోజుకి ఇంటికి పంపించారు. ఆ లోపల ఆమె చేసే నాలుగిళ్లలో ఒక ఇల్లు ఆమెని మానిపించి వేరే మనిషిని పెట్టుకుంది. నెలకి మూడు వేల ఇల్లు. మా పిల్లిపిల్లల్లో అన్నిటికన్నా చిన్నది ఆ వారమే చచ్చిపోయింది. మిగతా మూడూ కోలుకున్నాయి. నేను రెండు రోజులు ఏడ్చాను, పిల్లిపిల్ల కోసం. దాని కోసమేనని అనుకున్నాను.

అసలు ప్రశ్న ఇప్పుడు మొదలయింది. ఆమెకి చెప్పాలా?

చెప్పక్కర్లేదనడానికి నా దగ్గర చక్కటి కారణాలున్నాయి. పిల్లలకి వచ్చింది కాంపైలోబాక్టర్ అని రుజువు కాలేదు. పిల్లాడికి వచ్చింది కూడా అదేనని అసలెవరూ చూడలేదు. అలాంటి వార్డులో రోజూ పదులమంది పసివాళ్లకి విరేచనాలు, ఎవరి మలాన్నీ పెంచి చూడరు, నీరెక్కించి పంపుతారు. వైద్యంగా అది తప్పు కూడా కాదు. మనుషులకి ఈ జబ్బు వచ్చేది ముఖ్యంగా కోడిమాంసం నుంచి, పిల్లుల నుంచి వచ్చేది తక్కువ. ఆదివారం వాళ్లింట్లో కోడికూర వండుకునే ఉంటారు. వాళ్ల బస్తీలో మంచినీళ్ల గొట్టం మురుగు కాలవ పక్కనే పోతుంది. ఇన్ని దారులుండగా నా తట్టనే ఎందుకు నేరస్థురాల్ని చేయాలి? దొరికినంత మాత్రాన దోషి కాదని డాక్టరే అన్నాడు కదా.

ఆ మాట ఎందుకు నచ్చిందో అప్పుడు తెలిసింది. పిల్లికి మందు వేయడానికి అనుమానం చాలింది. గాజుపలక మీద నాలుగు వంకర గీతలు చూసి ఏడు వందల రూపాయల మందు కొన్నాను, ఆహారం మార్చాను, ఫినాయిలు మాన్పించాను. మా అక్క విషయానికి వచ్చేసరికి నాకు ప్రయోగశాల రుజువు కావాలి. రుజువు ఎంత ఉంటే చాలు అన్నది విజ్ఞానశాస్త్రం ఒక్కటే తేల్చే విషయం కాదు, ఆ రుజువు వల్ల ఎవరికి ఖర్చవుతుందో కూడా అందులో ఉంటుంది. అనుమానం నాకు ఖర్చు కానప్పుడు చాలుతుంది, ఖర్చయ్యేటప్పుడు చాలదు. అత్యాచారం కేసుల్లో రుజువు అడిగే పద్ధతి మీద మనం ఎన్ని వ్యాసాలు రాసుకున్నాం! అదే పద్ధతిని నేను నా బాల్కనీలో కూర్చుని, ఎవరూ నేర్పకుండా, చక్కగా వాడుకున్నాను.

ఈ బాక్టీరియా చరిత్ర చదువుతుంటే కూడా ఇదే కనబడింది. 1886లోనే థియోడర్ ఎషెరిచ్ అనే పిల్లల డాక్టరు విరేచనాలతో చనిపోయిన పసివాళ్ల పేగుల్లో ఈ మెలికల క్రిముల్ని చూసి రాశాడు. పెంచలేకపోయాడు, అంచేత అవి లేనట్టే ఉండిపోయాయి. 1957లో అమెరికాలో ఎలిజబెత్ కింగ్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త జబ్బు మనుషుల రక్తం నుంచి వీటిని విడదీసి, ఇవి వేరే రకమనీ, ఎక్కువ వేడిలో పెరుగుతాయనీ, వీటికీ విరేచనాలకీ సంబంధం ఉందనీ చెప్పింది. ఆమె 1966లో చనిపోయింది. 1977లో ఇంగ్లండులో మార్టిన్ స్కిరో రాసిన వ్యాసం తరవాతే ప్రపంచం వీటిని ఒక మామూలు జబ్బుగా పట్టించుకుంది. అన్నేళ్లూ పిల్లలు విరేచనాలు పెట్టుకుంటూనే ఉన్నారు. రుజువు లేకపోవడం అంటే చాలాసార్లు వెతికే చోటు లేకపోవడం. (పక్కమాట: సాల్మొనెల్లా పేరు డేనియల్ సాల్మన్ది, దాన్ని విడదీసిన పని ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్‌ది. పరిశోధక విద్యార్థినులకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.)

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఆమెకి వేరే గ్లాసు ఉంది. స్టీలు గ్లాసు, అంచున సొట్ట, బాల్కనీ గోడ మీద బోర్లించి ఉంటుంది. నేను పెట్టలేదు. నాలుగేళ్ల కిందట మా అమ్మ వచ్చి ఉన్నప్పుడు పెట్టింది. అమ్మ వెళ్లిపోయింది. నేను తీయలేదు. ఒకటి రెండుసార్లు మామూలు గ్లాసులో టీ ఇవ్వబోతే ఆమే వెళ్లి ఆ గ్లాసు తెచ్చుకుంది, నాకు హాయిగా అనిపించింది, ఆమే కావాలనుకుంటోంది కదా అని. మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన పనివాళ్లు మెట్లు వాడాలని బోర్డు ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల పనివాళ్లని గేటు దగ్గరే ఆపేశారు. ఆ వైరస్ ఈ దేశానికి వచ్చింది విమానాల్లో. విమానమెక్కిన వాళ్లెవరో గేటు కాసేవాళ్లకి తెలియనిది కాదు.

రోగం ఎప్పుడూ కింది నుంచి పైకి వస్తుందని మన నమ్మకం. ఈ నమ్మకానికి ప్రపంచమంతటా ఒక బొమ్మ ఉంది, టైఫాయిడ్ మేరీ. అసలు పేరు మేరీ మాలన్, ఐర్లండు నుంచి అమెరికా వలస వెళ్లిన వంటమనిషి. టైఫాయిడ్ కూడా ఒక సాల్మొనెల్లాయే, పిల్లుల్లో కనిపించే వాటికి బంధువే, మనుషులకి మాత్రమే వచ్చేది. మేరీకి జబ్బు లక్షణం ఒక్కటీ లేదు. ఆమె వండిన ఇళ్లలో మనుషులు జబ్బు పడ్డారు. 1907లో న్యూయార్కు అధికారులు ఆమెని పట్టుకెళ్లి నదిలో ఉన్న చిన్న దీవిలో పెట్టారు. వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. వంట తప్ప అంత జీతం వచ్చే పని ఆమెకి ఇంకోటి లేదు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో వండుతూ దొరికింది, మళ్లీ దీవి, 1938లో చనిపోయేదాకా. ఆమెలాగే క్రిమిని మోస్తున్న వాళ్లు ఆ నగరంలో ఇంకా ఎంతోమంది ఉన్నారు, దాదాపు అందరూ ఇళ్లలోనే ఉండనివ్వబడ్డారు. ఆమె వల్ల మనుషులు చనిపోయారన్నది నిజం, దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. నన్ను కుదిపింది వేరే. యజమాని ఇంటి నుంచి వంటమనిషికి ఏ జబ్బు వెళ్లిందో వెతకడానికి ఎవరూ పరిశోధకుణ్ణి పెట్టలేదు. అలాంటి కథకి పేరే లేదు. మా ఇంట్లో గ్లాసు నా వైపుని కాపాడింది. తట్ట వైపు ఏ గ్లాసూ లేదు.

తిరుపతిలో నేను చదివిన పత్రంలో జోన్ ట్రాంటో ఉంది. 1993లో వచ్చిన పుస్తకంలో ఆమె సంరక్షణని నాలుగు దశలుగా విడదీస్తుంది. ఒక అవసరం ఉందని గమనించడం, దానికి బాధ్యత తీసుకోవడం, ఆ పనిని చేతులతో చేయడం, అవతలివాళ్లు దాన్ని అందుకోవడం. మొదటి రెండూ పైవాళ్లు తీసుకుంటారనీ, మూడోది కిందివాళ్లకి వదిలేస్తారనీ, అలా వదిలేసినందుకు బాధ్యత నుంచి తప్పించుకునే సౌకర్యం పైవాళ్లకి దక్కుతుందనీ అంటుంది. ఈ ముక్క నేను బాగా చదివానని అధ్యక్షురాలు మెచ్చుకున్నారు. సరిగ్గా ఆ సమయానికి మా ఇంట్లో మూడో దశ జరుగుతోంది, వట్టి చేతులతో.

మన సాహిత్యంలోకి వస్తే, పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరు మర్చిపోయిన ఇల్లాలు నాలాంటి వాళ్లెందరికో కళ్లు తెరిపించింది. ఆ రుణం తీరనిది. కానీ మా తరం ఆ కథని గుండెలకి హత్తుకుని, అలికే చేయి మార్చేసి, మన పేర్లు మనం తెచ్చేసుకున్నాం. ఇప్పుడు అలుకుతున్నామె పేరు ఎవరు మర్చిపోయారన్న ప్రశ్నని జూపాక సుభద్ర, గోగు శ్యామల లాంటి వాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. నా సిద్ధాంత గ్రంథంలో దానికి ఒక అధ్యాయం ఇచ్చాను. అయిదో అధ్యాయం. మార్గదర్శకుడు కుదించమంటే కుదించాను.

పదిహేను రోజులు గడిచాక చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా ఖచ్చితంగా చెప్పలేను. చెప్పడం వల్ల బరువు తగ్గేది నాకే కదా అన్న అనుమానం ఉండేది, ఇప్పటికీ ఉంది. క్షమాపణ అడగడమంటే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టడం, నన్ను ఓదార్చే పని. మరోవైపు, ఆమెకి తెలియకపోతే రేపు మళ్లీ తట్ట ఎత్తమన్నప్పుడు ఆమె చెప్పే సరేకి అర్థం లేదు. తెలియని ప్రమాదానికి ఒప్పుకోవడం ఒప్పుకోవడం కాదు. ఈ రెండోది నాకు గట్టిగా తోచింది. గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి, పిల్లలకి వచ్చిన జబ్బు మనుషులకీ అంటుతుందక్కా, నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు, బాబుకి అదే వచ్చిందేమో, ఖచ్చితంగా తెలీదు అని గడగడా అనేశాను.

ఆమె తోమడం ఆపలేదు.

"గా దినమే అనుకున్నమ్మా నేను. చేతులు సబ్బుతోని మంచిగనే కడుక్కున్న. గని పిల్లగాడు నా కొంగు నోట్లె పెట్టుకుంటడు."

ఆ కొంగుతోనే తట్ట అంచు పట్టుకుంది, చేతులకి ఇసుక అంటకుండా. కొంగు గురించి సుభద్ర రాసిన కవిత నేను పాఠం చెబుతాను. పనిచేసే ఆడదానికి కొంగు సిగ్గు దాచే గుడ్డ కాదు, పనిముట్టు అని. విద్యార్థులకి అర్థమయ్యేలా చెప్పగలను.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తె ఏమంటరు మీరు? మీ బస్తిల నీళ్లు మంచిగ లెవ్వంటరు. గంతే గదా."

నేను పదిహేను రోజులు కూర్చుని పేర్చుకున్న వాదనని ఆమె ఒక్క వాక్యంలో, నా నోట్లోంచి తీసినట్టు తీసి చూపించింది. కోపంగా అనలేదు. గిన్నె కడిగి బోర్లించి ఇంకో మాట అంది.

"పిల్లికి మిషన్ల పెట్టి సూసిండ్రు గదా. మా పిల్లగానికెందుకు సూడలె?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది, అది ఆమెకి చెప్పదగ్గది కాదు. పిల్లికి అంత పరీక్ష జరిగింది దాని వెనక నాలుగు వేలు ఖర్చుపెట్టగల మనిషి ఉండటం వల్ల. పిల్లి మీద ప్రేమ తప్పని నేననుకోను. ఇలాంటి చోట ఎవరో ఒకరు లేచి మనుషులకే దిక్కులేదు పిల్లులకా అంటారు. అలా అనేవాళ్లు సాధారణంగా మనుషులకీ ఏమీ చేసి ఉండరు. ఆ పిల్లిపిల్లకి సెలైన్ ఎక్కించడం సరైన పనే. నేను చేసిన తప్పు అక్కడ లేదు. డాక్టరు గదిలో అయిదు సెకన్ల జవాబులో ఉంది, కొక్కేనికి వేలాడిన చేతితొడుగుల్లో ఉంది. దయ ఎక్కువై చేసిన తప్పు కాదు. నా దయ నడవడానికి ఎవరి చేతులు కావాలో లెక్క వేయకపోవడం.

ఇళ్లలో పనిచేసేవాళ్ల గురించి 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందంలో, పనిచేసే చోటు భద్రంగా, ఆరోగ్యకరంగా ఉండటం వాళ్ల హక్కు అని ఉంది. దానికి మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. తరవాత ఆమోదించలేదు. ఇల్లు ఇంకొకరికి కార్ఖానా అని ఒప్పుకోవడం ప్రభుత్వానికే కష్టంగా ఉంది, నాకు కష్టమవడంలో వింతేముంది అని సర్దుకోవచ్చు. కాకపోతే ఓటు నేనూ వేశాను, నా సిద్ధాంత గ్రంథంలో, అయిదో అధ్యాయంలో.

డబ్బు సంగతి కూడా రాయాలి, ఇలాంటి వ్యాసాల్లో అది జారిపోతుంటుంది. ఆసుపత్రి రోజుల్లో పోయిన పని, ఆటో ఖర్చు కలిపి ఇస్తానన్నాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, మానిపించిన ఇంటి జీతం కూడా, ఇంకో ఇల్లు దొరికే దాకా ఇవ్వాలంది. నాకు ఒక్క క్షణం చివుక్కుమంది. క్షమాపణతో సరిపోతుందనుకున్నది బేరం దాకా వచ్చిందే అని. తరవాత అనిపించింది, ఆమె నన్ను ఓదార్చే పని ఒప్పుకోలేదు, నష్టం లెక్క చెప్పింది, మా ఇద్దరి మధ్యా అంత మర్యాదైన సంభాషణ అంతకు ముందెప్పుడూ జరగలేదని. రెండు నెలలు ఇచ్చాను. మూడో నెలలో ఇంకో ఇల్లు దొరికింది. రుజువు లేదు కదా అని ఆమె గానీ నేను గానీ అనలేదు.

సొట్ట గ్లాసుని లోపల మిగతా గ్లాసుల్లో కలిపేశాను. ఆమె రోజూ అందులోంచి దాన్నే ఏరుకుంటోంది. ఎందుకని అడిగితే, చెయ్యి అలవాటైంది అంది. అది నిజమో, నన్ను నా దారిన వదిలేయమనడమో తెలియదు. రెండో జత చేతితొడుగులు కొన్నాను. ఆమె అరచేయి నాదానికన్నా వెడల్పు, పట్టలేదు. మార్చి పెద్దవి తెచ్చాను. చెమట పడుతోందని వాటిని సగం రోజులు వేసుకోదు. రెండు పిల్లుల్ని వేరేవాళ్లు తీసుకెళ్లారు, ఒకటి నా దగ్గరే ఉంది, తల్లి పిల్లి కనబడటం మానేసింది. తట్ట నేనే ఎత్తుతున్నాను.

వచ్చే నెల విశాఖలో సదస్సుకి పిలుపు వచ్చింది, నాలుగు రోజులు. మొన్న అక్క తనంతట తనే అడిగింది, పోతున్నరా, పోతే పిల్లికి నేను జూస్త, ఈసారి రోజుకి మూడు వందలు అని. సదస్సు వాళ్లకి నేనింకా జవాబు రాయలేదు.